అమ్మ జారలేదు

యూనివర్సిటీలో ఎముకల ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. అంబర్‌పేట్ మార్కెట్ నుంచి మేక తొడ ఎముకలు తెచ్చి, శుభ్రం చేసి, ఉప్పునీటిలో తడిపిన గుడ్డ చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేది నేనే. ఎండితే ఎముక గుణం మారిపోతుంది. ఆ మాట చెప్పినందుకు ఒక సారు విద్యార్థుల ముందు, "నువ్వు ఎముకలు తెచ్చిపెట్టు, చాలు" అన్నాడు. ఆయన రిటైరై ఆరేళ్లయింది. నేను మరిచిపోలేదు.

ఏటా మొదటి క్లాసుకు రెండు ఎముకలు తయారుచేస్తాను. ఆసిడ్‌లో రోజుల తరబడి నానినదాంట్లో ఖనిజమంతా కరిగి, పీచు మాత్రమే మిగిలి, రబ్బరులా వంగుతుంది. కొలిమిలో కాల్చినదాంట్లో పీచు పోతుంది. ఆకారం అలాగే ఉంటుంది గానీ వేలితో నొక్కితే పొడి. బరువు మోయాలంటే రెండూ ఉండాలి. తర్వాత మంచి ఎముకను మెషిన్‌లో పెట్టి విరుస్తారు. ముందు సన్నగా చిటచిటలాడుతుంది, ఆపైన పట్‌మంటుంది. పక్క గదిలో ఉన్నా ఆ చప్పుడు గుర్తుపడతాను.

తార్నాకలో మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద అమ్మ పడి తుంటి విరిగింది. ఆ మెట్లకు నున్నటి రాళ్లు వద్దని నేను మూడు ఉత్తరాలు రాశాను. అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ అందరి ముందు, "మళ్లా షురూ చేసిండు" అని నవ్వాడు. ఇప్పుడు దొరికాడనుకున్నాను.

ఆస్పత్రి మంచం మీద అమ్మ, "నేను జారలే బిడ్డా. తుంటి కాడ పట్‌మన్నది, గప్పుడు పడ్డ" అంది.

"నీకేం తెలుస్తది? జారిన అని చెప్పు."

"జారకుంటె ఎట్ల చెప్పాలె?"

"నా మాట ఒక్కటన్న నిలబడనియ్యవా?"

సాయంత్రం సెక్రటరీ పండ్లు పట్టుకుని చూడటానికి వచ్చాడు. "జారిన సారూ. రాయి నున్నగున్నది" అంది అమ్మ. ఆయన వెళ్లాక నా ముఖం చూసి, "సాలునా?" అని అడిగింది.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. తుంటి దగ్గర ఎముక లోపల స్పంజిలా సన్నటి దూలాలు అల్లుకుని ఉంటాయట, బరువంతా వాటి మీదేనట. అమ్మవి చాలావరకు తెగిపోయాయి. "ఇట్లాంటిది నిలబడ్డచోటనే విరుగుతది. తర్వాత మనిషి పడతది. తొడ మొదట్ల నొప్పి అని ఎన్నడూ అనలేదా?"

రెండు నెలలుగా అంటూనే ఉంది. వయసు వల్లే అని బామ్ రాశాను.

అమ్మ మళ్లీ లేచి నిలబడలేదు. మూడో నెలలో పోయింది.

సెక్రటరీ మెట్లకు గరుకు రాళ్లు వేయించాడు. నా ఫిర్యాదు విని ఎవరైనా పని చేసింది అదొక్కటే. పాత రాళ్లు నున్నగా ఉన్న మాట నిజమే, అది ఇప్పటికీ అంటాను. మిగతాది ఆయనకు చెప్పలేదు. రోజూ ల్యాబ్‌లో మెషిన్ పట్‌మంటుంది.

ఆ రోజు అమ్మ అడిగినదానికి నేను, "సాలు" అన్నాను.