విమానం ముక్కుకు నిమ్మకాయ

కొత్త కారుకు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతుంటే నాకు నాచారంలో మా మామ చేసిన థర్మాకోల్ విమానం గుర్తొస్తుంది.

ఎగరేసే ముందు మామ రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి దాన్ని ఎత్తి చూశాడు. ఎన్నిసార్లు ఎత్తినా తోక కిందికే వాలింది.

"ముందట బరువు సాల్తలేదు" అని గొణిగాడు.

నాకు మాత్రం అది దిష్టే అనిపించింది. మామ చాయ్ తాగడానికి వెళ్లగానే, కొత్త బండికి కట్టినట్టే విమానం ముక్కుకు నిమ్మకాయ కట్టేశాను.

"గిదేంది బిడ్డా!" అని నవ్వుతూ మామ మళ్లీ ఎత్తాడు. విమానం వేళ్ల మీద సమంగా నిలిచింది. ఆ సాయంత్రం ఉప్పల్ మైదానంలో నిమ్మకాయతోనే ఎగిరింది.

దిష్టి పోగొట్టింది నేనేనని బడంతా చెప్పుకున్నాను. రెండో విమానానికి మామే అడిగాడు.

"నిమ్మకాయ తీస్కరా బిడ్డా. జర చిన్నది సూడు."

దిష్టికి కొలతేమిటని అప్పుడు నాకు తట్టనే లేదు.