చెంచురామయ్య గారి మూడో ధ్యానం

మనుబోలులో రిటైరైన పోస్టుమాస్టరు చెంచురామయ్య గారికి ఒకటే పిచ్చి. వైరాగ్యాన్ని కూడబెట్టడం. బుద్ధ జయంతి ఉత్సవాలకు మద్రాసు వెళ్లొచ్చింది మొదలు ఆ ఒంటరి మనిషి ఇంట్లో నాలుగు జపమాలలు, ఆరు బుద్ధ విగ్రహాలు, రెండు భిక్షాపాత్రలు చేరాయి. "సాధనలో సంపాదించిందీ సొత్తే, దాన్నీ వదిలెయ్" అని అక్కడి భిక్షువు చెప్పిన మాటకు అద్దం కట్టించి, వచ్చినవాళ్లకు కనపడేలా గుమ్మానికి ఎదురుగా తగిలించారు.

ఎదురుగా అంగడి పెట్టుకున్న దర్జీ సిలార్‌కు ఆయనంటే మహా వినోదం.

"ఈ వారం ఏం వదిలేసినారు సామీ?" అనేవాడు మిషను తొక్కుతూ.

"అహంకారం సాంతం పోయింది సిలారూ. ఈ తాలూకాలో నా అంత అణకువ కలిగినోడు ఉంటే చూపించు!"

అంగట్లో కూర్చున్నవాళ్లు పొట్టలు పట్టుకునేవాళ్లు.

ఆ ఏడు గాలివానకు అంగడి గోడ కూలి మిషను నలిగిపోయింది. వారం తిరిగేసరికి సిలార్ ఇంట్లో పొయ్యి వెలగలేదు. సరిగ్గా అప్పుడే చెంచురామయ్య గారు వీధిలో నిలబడి చాటారు.

"బుద్ధుడు చెప్పిన నాలుగు ధ్యానాల్లో మూడోది అందుకున్నా! పొద్దున పదింటి నుంచి గంటసేపు చెవి పక్కన డప్పు కొట్టినా వినపడదు. తలుపు కూడా వెయ్యను. ఎవరొచ్చినా, ఏం పట్టుకుపోయినా నాకు తెలీదు!"

మర్నాడు సిలార్ ఆ తలుపులోంచి దూరాడు. పెద్దాయన కళ్లు మూసుకుని ఉన్నారు. వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాడు సిలార్. ఒకరి గుండీ కూడా దాచుకుని ఎరగని మనిషి. తువ్వాల్లో బియ్యం మూటగట్టుకుని, తల దించుకుని బయటపడ్డాడు. మళ్లీ వెళ్లాడు. మళ్లీ వెళ్లాడు. డబ్బా ఎప్పుడూ నిండుగానే ఉండేది. అన్నం తింటున్న పిల్లల మొహాలు చూడలేక గోడవైపు తిరిగి కూర్చునేవాడు.

ఐదోసారి మూటతో సహా పెద్దాయన ముందు కూలబడ్డాడు.

"సామీ, కళ్లు తెరవండి. నేను దొంగని. మిమ్మల్ని అంతమందిలో నవ్వులపాలు చేసినా, మీ బియ్యమే తిన్నా."

చెంచురామయ్య గారి మొహం ఎర్రబడింది. కళ్లు మాత్రం తెరవలేదు.

"ధ్యానంలో ఉండా. నాకేం వినపడలా."

"వినపడకపోతే బదులెట్టా చెప్తా ఉండారు?"

పెద్దాయన నాలుక కరుచుకుని ఒక కన్ను తెరిచారు.

"పిలిచి ఇస్తే నువ్వు తీసుకోవబ్బయా. అందుకే ఆ గొప్ప చెప్పుకున్నా. కూర్చున్నంతసేపూ నువ్వొస్తావా రావా అని చెవులన్నీ తలుపు కాడే. ఊరోళ్లు నిజమనుకుని దండాలు పెడతంటే కాదనకుండా తీసుకున్నా. సిగ్గేస్తా ఉంది. ఎవరికీ చెప్పబాక."

సిలార్ మోకాళ్ల మీద తల ఆనించుకున్నాడు.

"రేపట్నుంచి ఈ దొంగతనం వద్దు. మీ ఇంటామె ఖుర్షీదాని, పిల్లల్ని తీసుకుని పదింటికి వచ్చెయ్. అందరం ఈడనే వండుకు తిందాం."

"పదింటికా? మరి మీ ధ్యానం ఆపేస్తారా సామీ?"

"మొదలైతే గదా, ఆపేదానికి!"

ఒకరి మొహం ఒకరు చూసుకోలేక, చెరో గోడవైపు చూస్తూ ఇద్దరూ నవ్వారు.