కొత్త కారుకి తోపుడు

నిన్న పొద్దున్న ముక్తేశ్వరం సెంటర్లో నేను చేసిన ఘనకార్యం వింటే మీరు జన్మలో నా కారెక్కరండీ!

ముందు పాత కారు సంగతి చెప్పాలి. ఎర్రది, రెండే తలుపులు, నేలకి అంటుకుపోయినట్టుండే స్పోర్ట్స్ కారు. పాతికేళ్ల వయసులో సెకండ్‌హాండ్లో కొన్నాను, దాన్ని చూసి ఎవరో ఒకరు పిల్లనిస్తారని! ఒకాయన నిజంగానే వచ్చేరు. వెనక సీట్లోకి దూరేరు గానీ బయటికి రాలేకపోయేరు. సంబంధం అక్కడితో సరి. ఇప్పుడు నాకు నలభై తొమ్మిది, ఇంట్లో ఒక్కణ్ణే.

ఆ కారు రోజూ సెంటర్లో టీకొట్టు ముందుకొచ్చి ఆగిపోయేది. కొట్టు అబ్బులుగారు, ఆటో వెంకన్న, ఇంకో ఇద్దరు చేరేవారు. ముందు అందరికీ టీ, తర్వాత కబుర్లు, ఆనక తోపుడు. ఇంజను అందుకుందంటే మాత్రం అమలాపురంలో నా కొబ్బరి కొట్టు దాకా ఆపకూడదు. చెయ్యూపుకుంటూ పోవడమే.

మొన్న దసరాకి అది అమ్మేసి కొత్త చిన్నకారు కొన్నాను. నాలుగు తలుపులు, ఏసీ, తాళం అర తిప్పు తిప్పితే చాలు. పెద్దమనిషి బండి! సెంటర్లో ఆగే పనే లేదు. నెల్లాళ్లుగా పొద్దున్నపూట ఒక్క మనిషితో మాటాళ్లేదండీ. ఊరికే వెళ్లి కూచోవచ్చుగా అంటారు, మొహమాటం! చెప్పుకుంటే సిగ్గు గానీ, ఓరోజు డ్రైవింగ్ చేస్తూనే ఏడుపొచ్చేసింది.

అందుకని నిన్న టీకొట్టు ముందు కావాలనే ఇంజను ఆపేసి, బానెట్ ఎత్తి నిలబడ్డాను.

"అయ్యయ్యో, కొత్త బండండీ!" అంటూ వెంకన్న పరుగెత్తుకొచ్చేడు.

"ఏంటోనోయ్, ఆగిపోయింది. ముందు టీ తాగుదాం."

"టీకేం తొందరండీ, ముందు తోసేద్దాం. మీరెక్కి సెకండ్ గేరెయ్యండీ."

కాదంటే దొరికిపోతాను. బానెట్ దించి ఎక్కేను. నలుగురూ ఒక్క తోపు తోసేరు. కొత్త బండి కదా, ఠక్కున అందుకుంది! "ఆయ్, పోనివ్వండీ!" అని వెనకనించి కేకలు. అంతే, పాత అలవాటు! కాలు యాక్సిలరేటర్ మీద, చెయ్యి కిటికీ బయట. ఊపుకుంటూ పోయేను.

మూడు కిలోమీటర్లు పోయేక గుర్తొచ్చింది, టీ తాగలేదని. ఛీ, వచ్చింది దేనికి, చేసింది ఏంటి!

వెనక్కి తిప్పుకొచ్చేసరికి ఎవరూ లేరు. వెంకన్న బేరం మీద ముమ్మిడివరం పోయేట్ట. మిగతా ఇద్దరూ పనుల్లోకి వెళ్లిపోయేరు. అబ్బులుగారు గ్లాసులు కడుగుతున్నారు.

"మళ్లీ ఆగిపోయిందా అండీ?"

"లేదండీ. టీ ఇవ్వండి."

"ఎన్నండీ?"

"ఐదు," అని నోట్లోంచి వచ్చేసింది.

ఆయన రోడ్డు అటూ ఇటూ చూసేరు. ఐదు గ్లాసులూ పోసి బల్ల మీద పెట్టేరు. ఒకటి తను తీసుకుని నా పక్కన కూచున్నారు.

"రేపు బానెట్ ఎత్తకండీ," అన్నారు. "ఊరికే వచ్చేయండి."

సిగ్గుకి తలెత్తకుండా మిగతా నాలుగు టీలూ నేనే తాగేసేను!