తమ్ముడి ఎడమ పక్క నొక్కిన అవ్వ

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇలా రాయడం ఇదే మొదలు. తప్పులు పట్టుకోండి, పర్వాలేదు. దయ్యం కథ అని మాత్రం అనకండి. శ్మశానంలో గొర్రెలు మేపి, సమాధి మీద కూర్చుని సద్ది తిన్నదాన్ని. నాకు అలాంటి నమ్మకాల్లేవు.

మాది చాపాడు దగ్గర పల్లె. నన్ను జమ్మలమడుగు వైపు ఇచ్చారు. పుట్టింటిదొక పార్టీ, అత్తింటిదొక పార్టీ. నా రెండు కిడ్నీలూ పాడైతే తమ్ముడు ఓబులేసు తనది ఇస్తానని మా ఇంటికొచ్చాడు.

"ఆ పార్టీ కిడ్నీ పెట్టుకోని మా ఇంట్లో తిరుగుతావా ఏమే?" అంది మా అత్త.

"కిడ్నీ ఓట్లడగదు లే అత్తా. నా తమ్మునిది, పెట్టుకుంటా" అన్నాను.

పరీక్షలన్నీ బాగున్నాయన్నారు. ఇంతలో ఎలక్షన్ల గొడవల్లో తమ్ముడి మీద కేసు పడింది. అంతా తేలి ఆపరేషన్‌కు తిరుపతి పోయేసరికి ఎనిమిది నెలలు గడిచాయి.

ముందురోజు మధ్యాహ్నం వార్డు బయట బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. భుజాన గొంగడితో ఒక అవ్వ వచ్చింది. గొర్రెను కొనేటప్పుడు మావాళ్ళు పక్కటెముకల కింద బొటనవేలితో నొక్కి చూస్తారు. అచ్చం అలాగే తమ్ముడి ఎడమ పక్క నొక్కింది. డాక్టర్లు తీయాలనుకున్నదీ ఎడమదే.

"ఏందవ్వా, నేనేమన్నా పొట్టేలునా?" అని తమ్ముడు నవ్వాడు.

"ఇది వద్దు పాపా. ఇంగోటి చూసుకో" అని నాతో చెప్పి వెళ్ళిపోయింది.

ఆ వరండాకు మెట్లు ఒకే వైపు. అక్కడున్న వాచ్‌మన్ ఏ అవ్వా రాలేదన్నాడు.

చెయ్యి వేసినవాళ్ళు వద్దంటే మేము గొర్రెను కొనం. డాక్టరు దగ్గరికి పోయాను.

"ఇంగోతూరి స్కాన్ తీయండి సార్."

"తీసింది ఉంది కదమ్మా. భయపడుతున్నావా?"

"భయమైతే ఇంత దూరం వస్తానా? తీయకుంటే నేను ఆపరేషన్‌కు రాను."

విసుక్కుంటూ తీయించాడు. ఎడమ కిడ్నీలో శనగగింజంత గడ్డ. క్యాన్సర్. ఆ కిడ్నీ నాకు పెట్టి ఉంటే, దాన్ని నా ఒళ్ళు తోసెయ్యకుండా మాత్రలిచ్చేవాళ్ళట. ఆ మాత్రలు ఒంట్లో రోగంతో పోట్లాడే బలాన్ని కూడా అణిచేస్తాయట. గడ్డకు అడ్డే ఉండేది కాదన్నాడు.

తమ్ముడికి గడ్డ వరకే కోసి తీసేశారు. నాకు మా ఆయన కిడ్నీ ఇచ్చాడు. అదే మాత్రలు నేనూ మింగుతున్నాను కాబట్టి ఏటా క్యాన్సర్ పరీక్షలకు పోతాను. ఎండకు చర్మానికీ క్యాన్సర్ రావచ్చన్నారు, అందుకే ఎండలో కొంగు కప్పుకుంటాను. గొర్రెలను మాత్రం వదల్లేదు.

ఓబులేసు వస్తే ఇప్పుడు మా అత్తే కోడిని కోస్తుంది. "ఆ పొద్దు మీ జేజే వచ్చిండాది" అంటుంది. ఒప్పుకోను. జేజి అంటే మా నాయనమ్మ. చనిపోయిన ఆమె ముఖం నాకు బాగా తెలుసు. వచ్చింది ఆమె కాదు.

మరి ఎవరంటే చెప్పలేను. తమ్ముడు చొక్కా ఎత్తితే ఆపరేషన్ గీత కనిపిస్తుంది. ఆమె బొటనవేలు పెట్టిన చోటే ఉంది.