మొక్కజొన్న చేల మధ్య ముందు సీటు

పోయిన నెల ఒక చిన్న ఊరికి వెళ్ళడానికి ఓ యాభైమంది పట్టే విమానం ఎక్కాను. మూడో వరసలో కిటికీ పక్క సీటు, టికెట్టు కొన్నప్పుడే ఏరి కోరి తీసుకున్నది. బెల్టు పెట్టుకుని, పుస్తకం తెరిచి, రెండు పేజీలు తిప్పానో లేదో ఎయిర్‌హోస్టెస్ వచ్చింది. విమానంలో జనం తక్కువగా ఉన్నారనీ, బాలెన్స్ కోసం నన్ను చివరి వరసకు మారమనీ నవ్వుతూ చెప్పింది. నా ముందు కూర్చున్నాయన నాకు ఒకటిన్నర రెట్లు ఉన్నాడు. ఆయన్ని అడగలేదు. నాలో ఏం చూస్తారో గానీ, ఎక్కడైనా సరే ఎవరినో ఒకరిని లేపాల్సి వస్తే నన్నే లేపుతారు. వెనక బాత్రూమ్ పక్కన కూర్చుని, కంపెనీకి ఫిర్యాదు రాయాలని ఫోన్ తీశాను. నాలుగు వాక్యాలు రాశాక, వాటిలో ఒక్కటి కూడా ఆ అమ్మాయి గురించి కాదని, అన్నీ మా షడ్డకుడి గురించేనని గమనించాను. విమానంలో ‘బాలెన్స్’ అనే మాట నేను మొట్టమొదట విన్నది అతని నోటే.

షడ్డకుడంటే నా భార్య చెల్లెలి భర్త. వాళ్ళది వరంగల్ వైపు, మాది తెనాలి దగ్గర. మేముండే అరోరా ఊళ్ళో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య రెండే వీధులు. ఇద్దరిదీ సాఫ్ట్‌వేరే, ఇద్దరం వీసాలతో ఒకేలా అవస్థ పడ్డాం. గ్రీన్‌కార్డు రాగానే మా ఈడు వాళ్ళందరూ ఇంకో ఇల్లు కొన్నారు, లేకపోతే గోల్ఫ్ నేర్చుకున్నారు. ఇతను మాత్రం విమానం నడపడం నేర్చుకున్నాడు. ఫ్లయింగ్ క్లబ్బులో చేరి, నలుగురు పట్టే ఒక విమానాన్ని తోటి సభ్యులతో కలిసి వాడుకునేవాడు. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు చార, రెక్కలు నెత్తిమీద, ముందు ఒక్కటే ప్రొపెల్లర్. వయసులో అతనికంటే పెద్దది. తలుపు పడాలంటే వెనకటి అంబాసిడర్ కారు తలుపులా గట్టిగా లాగాలి. లోపల పెట్రోలు, పాత రెగ్జిను, ఎవరో ఎప్పుడో ఒలకబోసిన కాఫీ కలిసిన వాసన. మొదటిసారి ఎక్కినప్పుడు ఆ వాసనకు ముక్కు మూసుకున్నాను. ఇప్పుడు ఎక్కడైనా ఎండలో నిలబెట్టిన పాత కారు తలుపు తెరిస్తే ఆ వాసన తగిలి కాసేపు అక్కడే నిలబడిపోతాను.

ఈ దేశంలో చిన్న విమానాల వాళ్ళకు ఒక అలవాటుంది. శనివారం పొద్దున్నే టిఫిను కోసం విమానం వేసుకుని వెళ్తారు. ఆకలి వేసి కాదు, ఎగరడానికి ఏదో ఒక వంక కావాలి గనక. మావాడి వంక మాకు పడమర వైపు, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక రెస్టారెంటు. రేకుల కప్పు, ముందు పొడవాటి వరండా, వరండాకు ఎదురుగా రన్‌వే. రన్‌వే అంటే మీరు ఊహించుకునేది కాదు. రెండు పికప్ ట్రక్కులు ఎదురెదురుగా వస్తే ఒకటి చేలోకి దిగాల్సిందే. ఆగస్టు వచ్చేసరికి రెండు పక్కలా మొక్కజొన్న మనిషెత్తు దాటి పెరిగి, దిగిన విమానం రెక్కలు తప్ప ఏమీ కనిపించేది కాదు. వరండాలో కూర్చున్నవాళ్ళు పాన్‌కేకులు తింటూ దిగే ప్రతి విమానాన్నీ చూసేవాళ్ళు. మెత్తగా దిగితే చెంచాలతో కాఫీ కప్పుల మీద టింగుటింగుమని కొట్టేవాళ్ళు. గెంతుతూ దిగితే ఎవరూ ఏమీ అనకుండా తమ ప్లేట్లలోకి చూసుకునేవాళ్ళు. అంతకంటే అవమానం లేదని మావాడు చెప్పేవాడు.

నాకు కావలసింది ఒక్కటే, ఆ విమానంలో ముందు సీటు. అందరూ దాన్ని పిల్లతనమంటారు, మా ఆవిడతో సహా. కానీ నేను ఆ ఇంటికి పెద్దల్లుణ్ణి. కారులోనైనా, భోజనాల దగ్గరైనా, పెళ్ళిలో ఫొటోకైనా పెద్దల్లుడి చోటు పెద్దల్లుడికి ఉంటుంది, అది అడగక్కర్లేదు. అలాంటిది మొదటి రోజే మావాడు రెక్క కింద నిలబడి, “అన్నా, ఏమనుకోకుండ్రి. బాలెన్స్ కోసం మీరు ఎనక కూసోండ్రి. నెక్స్ట్ టైమ్ పక్కా మీకే,” అన్నాడు. ముందు సీట్లో మా అత్తగారిని కూర్చోబెట్టాడు.

అత్తగారి సంగతి కూడా చెప్పాలి. ఆరు నెలల వీసా మీద వచ్చి, మూడు నెలలు మా ఇంట్లో, మూడు నెలలు వాళ్ళింట్లో ఉండేది. విమానం ఎక్కే ముందు ఎవరి బరువెంతో పైలట్‌కు చెప్పాలి. అతను ఆ మాట ఆవిడను అందరి ముందూ అడిగాడు. ఆవిడ ముఖం ముడుచుకుని, “పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ ఈ ప్రశ్న వెయ్యలేదు నాయనా,” అంది. చివరికి చెప్పింది గానీ, శాలువా కింద పట్టుకున్న సంచి సంగతి చెప్పలేదు. అందులో పెద్ద స్టీలు డబ్బా నిండా పులిహోర, ఒక సీసాడు ఆవకాయ, ఎందుకైనా మంచిదని అరిటిపళ్ళు. రెస్టారెంటుకు తిండి మోసుకెళ్ళేవాళ్ళు ప్రపంచంలో ఇంకెవరైనా ఉంటారేమో నాకు తెలియదు. వరండాలో డబ్బా మూత తీసేసరికి నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ రెస్టారెంటు నడిపే పెద్దావిడ వచ్చి, వాసన చూసి, గుడ్డు అట్టు పక్కన కాస్త ఆవకాయ వేయించుకుని తిని, కళ్ళు తుడుచుకుని, ఇంకాస్త అడిగింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా ఆవిడ మావాణ్ణి పేరుతోనూ, మా అత్తగారిని ‘అమ్మా’ అనీ పిలిచేది. నన్ను మాత్రం ‘ఆ ఇంకొకాయన’ అనేది.

తర్వాతి శనివారం మా ఆవిడ ముందు కూర్చుంది, వెనక కూర్చుంటే తల తిరుగుతుందని. ఆపైన డబ్లిన్ నుంచి వచ్చిన అతని స్నేహితుడు కూర్చున్నాడు, అతిథి కాబట్టి. ఇంకోసారి అతని కూతురు పరుగెత్తుకెళ్ళి ఎక్కి కూర్చుని, “పెద్నానా, నెక్స్ట్ టైమ్ మీరు, ఓకే?” అంది. ఆ పిల్లకు ఆ మాట ఎవరు నేర్పారో నాకు తెలుసు. అలా ఏళ్ళు గడిచాయి. ఒకసారి వరండాలో పక్క టేబుల్ దగ్గర కూర్చున్న ముసలి పైలట్‌ను కదిపి, ఈ బాలెన్స్ సంగతేమిటని అడిగాను. మామూలుగా బరువైనవాళ్ళనే ముందు కూర్చోబెడతామని ఆయన చెప్పాడు. వెంటనే మావాణ్ణి పట్టుకున్నాను.

“అది ఆయన విమానమన్నా. మనది వేరే,” అన్నాడు, సిరప్ పోసుకుంటూ.

వెనక సీట్లో నాకు మిగిలిన సౌకర్యం ఒక పాత హెడ్‌సెట్. దాన్లోంచి వాళ్ళ మాటలన్నీ నాకు వినిపించేవి, నా మాట మాత్రం వాళ్ళకు వినిపించేది కాదు. “మైక్ పన్జేస్తలేదన్నా,” అనేవాడు ప్రతిసారీ. వాళ్ళు ముందు కూర్చుని నా గురించి జోకులు వేసుకుంటుంటే, వెనక మూగవాడిలా కూర్చుని మొక్కజొన్న చేలు చూసేవాణ్ణి. ఒకరోజు గాలి ఎక్కువగా ఉండి విమానం రన్‌వే మీద రెండుసార్లు గెంతింది. వరండా అంతా ప్లేట్లలోకి చూసుకుంది. మావాడు దిగి, మెట్లెక్కి, అందరికీ వినబడేలా, “ఇవాళ వెనక సీట్లో లోడ్ ఎక్కువైంది,” అని ఇంగ్లీషులో అన్నాడు. అప్పుడు వరండాలోని తలలన్నీ నా వైపు తిరిగాయి. ఆ తలల్ని నేను ఇప్పటికీ ఒక్కొక్కటిగా గుర్తుపట్టగలను.

అయినా ప్రతి శనివారం వెళ్ళేవాణ్ణి. ఎందుకు వెళ్తావని మా ఆవిడ అడిగితే, నా సీటు నాకు ఇచ్చేదాకా వెళ్తానని చెప్పేవాణ్ణి. నిజానికి ఆ పొద్దుటి పూట వెలుగు, కింద దారాల్లా కనిపించే రోడ్లు, అంత ఎత్తున కూడా అత్తగారు పంచే అరిటిపండు, దిగాక వేడి కాఫీ, వెన్న కరుగుతున్న పాన్‌కేకు, తిరిగి వచ్చేటప్పుడు ఆ చప్పుడులో కూడా కమ్మేసే నిద్ర, ఇవన్నీ ఆ సాకులో కలిసే ఉండేవి.

ఒక సెప్టెంబరులో మా మరదలు మా ఇంటికొచ్చి, ఇక అతని ఎగరడం ఆ నెలతో సరి అని చెప్పింది. పైలట్లకు డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి, దాని గడువు నెలాఖరుకు తీరుతుంది. అతనికి బీపీ ఉంది, షుగరు మొదలైంది. మళ్ళీ పరీక్షకు వెళ్ళొద్దని ఇంట్లో గట్టిగా చెప్పిందట, అతనూ సరేనన్నాడట. నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన నా సీటు గురించే. మిగిలింది ఒక్క శనివారం. అది కూడా ఎవరికో ఇచ్చేస్తే ఇక ఈ జన్మకు లేదు.

శుక్రవారం సాయంత్రం అతనే ఫోన్ చేశాడు. “అన్నా, రేపు మీరొక్కరే రాండ్రి. ముందల సీటు మీదే.”

“దారిలో ఇంకెవరినైనా ఎక్కించుకుంటావా?”

“ఆకాశంల ఎవరెక్కుతరన్నా,” అన్నాడు.

పొద్దున్నే చలిగా ఉంది. ముందు సీట్లో కూర్చుని తలుపు గట్టిగా లాగాను. అతను నాకోసం ముందున్న హెడ్‌సెట్ తీసుకుని, దాని తీగ చివర ఉన్న రెండు పిన్నుల్నీ ఎదురుగా ఉన్న రెండు రంధ్రాల్లో గుచ్చాడు. ఒకటి వినడానికి, ఒకటి మాట్లాడటానికి అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక సీటు పక్కన కూడా రెండు రంధ్రాలున్నాయి. నా పాత హెడ్‌సెట్ తాలూకు ఒక్క పిన్నే లోపల ఉంది. రెండోది అలాగే వేలాడుతోంది.

“వెనక నాకు ఎప్పుడూ ఒకటే పెట్టేవాడివా?” అన్నాను.

అతను మీటర్లు సరిచూసుకుంటూ అన్నాడు, “మీరు కార్ల ఎట్ల కూసుంటరో నాకు ఎరికే గదన్నా. స్లో, స్లో, రెడ్ లైట్, వాడొస్తున్నాడు చూడు, అని. భూమ్మీదనైతే ఓర్సుకుంట. పైన నాకు భయమైతది.”

“మైక్ పాడైందన్నావు.”

“పాడైందనలే. పన్జేస్తలేదన్న.”

ఇన్నేళ్ళు నన్ను వెనక కూర్చోబెట్టింది బాలెన్స్ కాదు, నా నోరు. సరే, ఇవాళ రెండు పిన్నులూ లోపలే ఉన్నాయి కదా, దిగేదాకా ఆపకుండా మాట్లాడదామని తీర్మానించుకున్నాను. దారంతా అలాగే చేశాను కూడా. గెంతిన రోజు సంగతి, ‘ఇంకొకాయన’ సంగతి, బాలెన్స్ అబద్ధం సంగతి, వరసగా అన్నీ ఎత్తాను. అతను ఊఁ కొడుతూ, మధ్యమధ్య రేడియోలో ఎవరికో జవాబిస్తూ నడిపాడు.

అప్పుడు రన్‌వే కనిపించింది. వెనక సీట్లోంచి నేను ఎప్పుడూ పక్కకు చూసినవాణ్ణే, ఎదురుగా చూసినవాణ్ణి కాదు. పక్కనుంచి చూస్తే చేలు, కొట్టాలు, ఆవులు, అన్నీ నిదానంగా పైకి వస్తాయి. ఎదుటినుంచి చూస్తే, పండి గోధుమరంగు తిరిగిన మొక్కజొన్న మధ్య చీర అంచులో నూలుపోగంత గీత. ఆ గీత మీద దిగాలి. అది ఒకచోట నిలబడటం లేదు, అద్దంలో అటూ ఇటూ జరుగుతోంది. అతని చేతులూ కాళ్ళూ క్షణం ఆగకుండా దాన్ని మధ్యకు తెస్తున్నాయి. వరండాలో చెంచాలు కొట్టించుకోవడానికి ఇతను ప్రతి శనివారం ఈ పని చేశాడా, మమ్మల్నందర్నీ ఎక్కించుకుని, ముందు సీట్లోవాళ్ళతో నవ్వుతూ? వరసగా ఎత్తిన ఫిర్యాదులు అక్కడితో ఆగిపోయాయి.

“అన్నా,” అన్నాడు అతను, చూపు తిప్పకుండా. “ఏమన్న మాట్లాడుండ్రి.”

“ఏం మాట్లాడను?”

“ఏదన్న. తిట్టుండ్రి. మీరు సప్పుడు జేయకుంటే నాకు మంచిగనిపిస్తలేదు.”

ఒక మంచి తిట్టు కోసం వెతుక్కుంటూ ఉన్నాను. చక్రాలు ఎప్పుడు నేలను తాకాయో నాకు తెలియలేదు. అంత మెత్తగా అతను అంతకుముందు ఎప్పుడూ దిగలేదు. చలికి వరండా ఖాళీగా ఉంది. ఒక్క చెంచా మోగలేదు. ఇంజను ఆపేశాక ప్రొపెల్లర్ ఇంకో రెండు చుట్లు తిరిగి నిలిచిపోయింది. అతను అలాగే కూర్చుని, “ఎట్లున్నదన్నా?” అని అడిగాడు.

“కొంచెం ఎడమకి వచ్చావు,” అన్నాను.

అతను తల వాల్చి, భుజాలు ఊగిపోయేలా నవ్వాడు. నవ్వు ఆగాక కూడా కాసేపు తల ఎత్తలేదు. ఎడమకి వచ్చిన మాట నిజం. ఇప్పటికీ నేను అదే అంటాను, అతను కాదంటాడు.

ఆ విమానం ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఎవరి దగ్గరో ఉంది. రెస్టారెంటు మాత్రం ఉంది. ఎప్పుడైనా ఇద్దరం కారులో వెళ్తాం, వరండాలో కూర్చుని ఎవరెవరివో విమానాలు దిగుతుంటే చూస్తాం. ఇక ఆ సీటు గురించి నాకు ఎవరితోనూ పేచీ లేదు, అదే ఇప్పుడు నాకున్న పెద్ద లోటు. అడగగా అడగగా కాలం మనకు కావలసింది ఇస్తుంది, కాదనను. కాకపోతే దాన్ని అనుభవించాల్సిన రోజుల్ని మాత్రం తన దగ్గరే ఉంచేసుకుంటుంది.