పున్నమి చూసినవాడే రాయాలన్న సారు

మొన్న మంగళవారం పొద్దున వాకాడు నుంచి ఫోను. "సారు పోయినాడన్నా" అని ఒక్క మాట చెప్పి అవతలి మనిషి ఏడ్చేశాడు. మా ఇంగ్లీషు ఉపాధ్యాయులు కోదండరామయ్య గారు మూత్రపిండాలు చెడి ఆరు నెలలుగా మంచంలో ఉన్న సంగతి తెలిసిందే. దుఃఖం కంటే ముందు సిగ్గేసింది. ఎందుకో చెబుతాను.

ఆ తీరంలో వేటకు పోయేవాళ్ల బిడ్డలకూ, వరి పండించే రైతుల బిడ్డలకూ జీవితమంతా ఆంగ్లభాషా భిక్ష పెట్టిన మహనీయుడాయన. నిష్కర్షే ఆయన స్వభావం. ఏదైనా తగ్గుముఖం పట్టినట్టు కనిపిస్తే చాలు, మేము వ్యాసంలో ‘ఆన్ ది వేన్’ (పున్నమి దాటిన చంద్రుడిలా క్షీణిస్తోంది) అని తగిలించేవాళ్లం. సారు దాని కింద ఎర్రగీత గీసి, "ముందెంత? ఇప్పుడెంత? చూసిందెవరు?" అని రాసేవారు. జవాబు రాసేదాకా మార్కుల్లేవు.

"చంద్రుడు తగ్గతా ఉండాడని చెప్పాలంటే పున్నమి చూసుండాల్రా. చూడనోడికి ఆ మాట మీద హక్కు లేదు" అనేవారు.

ఆయన శిష్యుణ్ణని గొప్పలు చెప్పుకునే నేను నెల్లూరులో ఒక ఇంగ్లీషు పత్రికలో చేరాను. నిరుడు సారు ఊరి మీద, అక్కడికి పోకుండానే, ఎవరో పంపిన ఫోటో చూసి వార్త రాశాను. ఒడ్డు ఖాళీగా కనిపించింది, చేపలవేట ‘ఆన్ ది వేన్’ అనేశాను. నిజానికి తుఫానుకు రేవు దారి తెగిపోయి, వ్యాన్లు రాక, పడవలన్నీ పక్క రేవులో దిగుతున్నాయి. దారి వేయించమని ఊరు అర్జీ పెట్టుకుంటే ఒక అధికారి నా వార్త చూపించి, "వేటే పోతుంటే దారి ఎవరికి?" అన్నాడట.

సారు ఆ పత్రిక ముక్క పట్టుకుని, ఒంట్లో బాగా లేకపోయినా, నెల్లూరు వచ్చారు. తిట్టలేదు. "పదరా" అని పక్క రేవుకు తీసుకుపోయారు. ఇసుక మీద చేపలు కుప్పలుగా ఉన్నాయి. సారు ఊరి పోలమ్మ గంప నెత్తికెత్తుకుంటూ, "ఇదంతా మా ఊరి చేపే అయ్యా. దినామూ ఈడికి నడిచొచ్చి మోస్తా ఉండాం. కాళ్లు పడిపోతుండాయి" అంది.

"కనిపించేది వేరు, ఉండేది వేరు. సవరణ రాయి" అన్నారు సారు.

రాస్తానన్నాను. రాయలేదు. తప్పు ఒప్పుకుంటే ఆఫీసులో పరువు పోతుందని భయం. ఆయన వారం వారం ఫోను చేసి "రాసినావా?" అనేవారు. "రేపు సార్" అనేవాణ్ణి. ఆసుపత్రి మంచం మీద నుంచి చివరిసారి మాట్లాడినప్పుడు నవ్వారు కూడా.

"నా పని అయిపోతా ఉందని అందరూ అంటుండారు. వాళ్లు నన్ను బాగున్నప్పుడు చూసినోళ్లు, అనొచ్చు. నువ్వు రాసిందే తప్పురా."

శ్మశానం నుంచి తిరిగి వస్తుంటే దారిలో పోలమ్మ ఎదురైంది. "సారు చెప్పినాడే, ఆ రాత పడిందా అయ్యా?" అని అడిగింది. పడలేదన్నాను.

అక్షరానికి సాక్ష్యం అడిగే అటువంటి గురువు ఈ తీరానికి మళ్లీ దొరకడు. ఆ పుణ్యమూర్తి పాదాలకు సాష్టాంగపడుతున్నాను. క్షమించమని అడిగే అర్హత నాకు లేదు.

నిన్న సవరణ రాసి ఎడిటరు గారికిచ్చాను. "ఏడాది నాటి వార్త. ఇప్పుడిది ఎవరడుగుతున్నారయ్యా?" అన్నారు. పోలమ్మ పేరు చెప్పాను. ఆమె ఎవరని కూడా అడక్కుండా కాగితం నా చేతిలో పెట్టేశారు. సారు ఉండుంటే అది అచ్చయ్యేదాకా ఆ బల్ల ముందు నుంచి లేచేవారు కాదు. నేను లేచి వచ్చేశాను.