ఖాళీ చెయ్యకూడని బాయిలరు

మా అత్తకి మొగుడి తర్వాత అంత ఇష్టమైనది రాగి బాయిలరు. తర్వాతా, ముందా అని మా మావయ్యకి ఎప్పుడూ అనుమానమే.

అత్త అంటే నాకు సొంత మేనత్తే, మా నాన్నకి అక్క. ఆ బాయిలరు ఆమె పెళ్ళికి మా తాత ఇచ్చింది. గజపతినగరం నుంచి బొబ్బిలికి ఎడ్లబండి మీద అత్తతోపాటు అత్తారింటికి వచ్చింది. "కొత్త పెళ్ళికూతురు నా పక్కన కూకోనేదే. దార్లో దొర్లిపోతాదని దాన్ని కౌగిలించుకుని కూకున్నాది" అని మావయ్య వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. అత్త కాదనేది కాదు.

నడుం ఎత్తు రాగి పీపా అది. మధ్యలో బొగ్గులు వేసే గొట్టం, కింద ఇత్తడి కుళాయి. స్నానాలగదికీ నూతికీ మధ్య గోడలో దాన్ని అమర్చారు. కుళాయి స్నానాలగదిలోకి ఉండేది, నీళ్ళు పోసే మూతి, దాని మీది మూత నూతి వైపుకి ఉండేవి. ఎవరు నూతి దగ్గరకి వెళ్ళినా, కాళ్ళు కడుక్కోవడానికే అయినా సరే, ఒక బకెట్టు తోడి బాయిలరులో పోసి రావాలి. అది ఆ ఇంటి చట్టం. ఎందుకంటే అది ఎప్పుడూ ఖాళీ కాకూడదు. బియ్యం కుండ అడుగు ఎలా కనబడకూడదో, పుట్టింటివాళ్ళు ఇచ్చిన బాయిలరు అడుగూ అలా ఎండకూడదని అత్త పట్టు. ఆమె కాపురానికి వచ్చిన రోజు నుంచీ అది ఎండలేదు.

అరవైల చివర్లో, నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాది చలికాలంలో, కుళాయి కారడం మొదలెట్టింది. మొదట చుక్కచుక్కగా, తర్వాత దారంలా. సరిగ్గా అప్పుడే మావయ్య విశాఖపట్నంలో ఎవరింట్లోనో కరెంటుతో నీళ్ళు కాగే గీజరు చూసొచ్చాడు. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికింది.

"కుళాయి మార్సాలంటే నీళ్ళన్నీ తీసెయ్యాల. నువ్వు తియ్యనివ్వవు. మరేటి సేస్తాం? కారీ కారీ అదే ఖాళీ అయిపోతాది. అయిన రోజున పాత రాగి కింద అమ్మేసి గీజరు తెచ్చేస్తాను, సూడు" అన్నాడు.

అత్త ఏమీ అనలేదు. అత్త ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ ఎరగరు. కుళాయి కింద గిన్నె పెట్టి, నిండినప్పుడల్లా నూతి వైపు వెళ్ళి మళ్ళీ బాయిలరులో పోసేది. తినబోతూ లేచి వెళ్ళేది, పూజలోంచి లేచి వెళ్ళేది. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. నాకసలే ముక్కుమీద కోపం. మా తాత ఇచ్చిన వస్తువుని పాత రాగి అంటాడా అని మావయ్యకి ఒకపూట మజ్జిగ పలచగా పోశాను కూడా. ఆయన గమనించలేదు.

నీళ్ళు తియ్యకుండా కుళాయి మార్చే ఉపాయం మాత్రం ఆయన కొట్లోంచే వచ్చింది. మావయ్యది నూనెల వ్యాపారం. కొత్త డబ్బాకి మేకుతో రెండు కన్నాలు పొడుస్తాడు, ఒకటి నూనె రావడానికి, రెండోది గాలి లోపలికి పోవడానికి. రెండోది పొడవకపోతే డబ్బా వంచినా నూనె గుటకలు మింగుతూ మొరాయిస్తుంది. ఆ మాట మా బావతో అన్నాను. బావంటే నా మొగుడే.

"పైన గాలి పోకండా మూసేస్తే, కింద కుళాయి ఇప్పినా నీళ్ళు రావు గదా బావా?"

బావ కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. "నాన్న ఊరెల్లినప్పుడు సూద్దాం" అన్నాడు.

మావయ్య నువ్వుల బేరానికి పార్వతీపురం బయల్దేరిన రోజు ముహూర్తం పెట్టుకున్నాం. పొద్దున్నుంచీ బొగ్గులు వెయ్యలేదు. గారెలకని రుబ్బిన మినపపిండి తెచ్చి, మూత చుట్టూ సందు లేకుండా మెత్తేశాను. అత్త దణ్ణం పెట్టుకుంది. బావ సైకిలు షాపులోంచి తెచ్చిన పానాతో కుళాయి తిప్పాడు. కుళాయి ఊడింది. బాయిలరు గుటుక్కు గుటుక్కుమని కాసిని నీళ్ళు కక్కి ఆగిపోయింది. అత్త గబుక్కున బొటనవేలు అడ్డం పెట్టింది. ఆమె మొహంలో వెలుగు చూసి నాకు గర్వంతో గుండె నిండిపోయింది.

బావ కొత్త కుళాయి మరలకి నూలుదారం చుట్టి, "అమ్మా, ఏలు తియ్యి" అన్నాడు. అత్త వేలు తీసింది.

అప్పుడే గోడకి అవతల నూతి గిలక కిర్రుమంది. నువ్వుల ఆసామి దారిలోనే ఎదురుపడి బేరం కుదిరిపోయిందట. మావయ్య వెనక్కి వచ్చేశాడు. కాళ్ళు కడుక్కున్నాడు. బకెట్టు తోడాడు.

"ఏటీ మూత ఇలా పట్టేసినాది?"

"నాన్నా, తియ్యకు!" అని బావ అరిచేలోపే ఆయన లాగేశాడు. అన్నేళ్ళ అలవాటుకి చెవులు వినబడవు.

నీళ్ళు బావ మొహాన ఫెడీమని కొట్టాయి. చేతిలోని కుళాయి జారి, దొర్లుకుంటూ వెళ్ళి మురుగుతూములో పడింది. అత్త కన్నం వైపు వంగబోయి, కాలు జారి చతికిలబడింది. "అయ్యో, ఖాళీ అయిపోతన్నాదే!" అని ఆమె పెట్టిన కేక నాకిప్పటికీ వినిపిస్తుంది. నేను బొమ్మలా నిలబడిపోయాను. బావ తూములో మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవుతున్నాడు.

మావయ్య పరిగెత్తుకొచ్చాడు. సంగతేమిటని అడగలేదు. ఊరికి కట్టుకెళ్ళిన మడత పంచెతోనే ఆ నీళ్ళలో కూలబడి, బొటనవేలు కన్నంలో దూర్చేశాడు. ధార ఆగింది.

అత్త మెల్లగా లేచింది. చీర కుచ్చెళ్ళు పిండుకుంది. ఆయన్ని కిందికీ పైకీ చూసింది. అన్నాళ్ళ మౌనమూ అప్పుడు వదిలింది.

"మీకెందుకండీ అంత అవస్త? ఏలు తీసెయ్యండి. ఖాళీ అయిపోతే పాత రాగికి ఇచ్చీసి గీజరు తెచ్చుకుందురు గాని."

మావయ్య వేలు తియ్యలేదు. మీసాల మీంచి నీళ్ళు కారుతుండగా ఆమె వైపు గుడ్లురిమి చూశాడు.

"ఒసే, నోరు ముయ్యి. అలా నిలబడి సూస్తావేటి? నూతికాడికెళ్ళి ఓ బకెట్టు తోడి పొయ్యి. సగానికి తగ్గిపోనాయి."